రెండు వందల ఒకటో యూనిట్

కరెంటు పొదుపు అనగానే మన ఇళ్లల్లో మొదట జరిగేది పిల్లల మీద కేకలేయడం. "అర్రల ఎవ్వరు లేరు, బుగ్గ ఎందుకు వెలుగుతుంది?" అని. నేనూ వేస్తాను కేకలు, నోటికి అలవాటైపోయింది. కాకపోతే బళ్లో లెక్కలు చెప్పేదాన్ని కాబట్టి ఆ బుగ్గకు లెక్క కూడా కట్టాను. ఇప్పుడు అందరి ఇళ్లల్లో ఉంటున్న 9 వాట్ల ఎల్‌ఈడీ బుగ్గ ఒక్క యూనిట్ కాల్చాలంటే 111 గంటలు వెలగాలి. రాత్రీ పగలూ కలిపి నాలుగున్నర రోజుల పైమాటే. అదే బాత్రూంలో 2000 వాట్ల గీజర్ ఓ అరగంట ఎర్ర లైటు పెట్టుకుని నడిచిందంటే యూనిట్ హారతి కర్పూరమే. అయినా గీజర్ స్విచ్చేసి, స్నానం సంగతి మరిచి పేపర్ చదువుకునే మనిషిని ఇంట్లో ఎవరూ పల్లెత్తు మాట అనరు. మా ఇంట్లో ఆ మనిషి ఎవరో పేరు చెప్పను, ఆయన ఇది తప్పకుండా చదువుతాడు.

నేను పుట్టి పెరిగింది గోదావరిఖనిలో, సింగరేణి క్వార్టర్లలో. బాపు జీడీకే-11 ఇంక్లైన్ బొగ్గుగనిలో పనిచేసి రిటైరయ్యిండు. కరెంటు బిల్లు అనే కాగితం ఎట్లుంటదో మా ఇంట్లో ఎవరూ చూసి ఎరగరు. అమ్మ అన్నం వండేది హీటర్ పొయ్యి మీద. ఆ చుట్టతీగ ఎర్రగా కాలుతుంటే చలికాలం మా చదువులన్నీ దాని చుట్టే. పంకా వేశామంటే వేశామంతే, వానలు పడ్డాక ఎవరికో చలేసి ఆపాలి. కిటికీ తెరిస్తే రామగుండం ఎన్టీపీసీ పొగగొట్టాలు కనబడేవి. 2600 మెగావాట్ల స్టేషన్. బాపు వాళ్లు తీసిన బొగ్గు రైలెక్కి అక్కడికే పోయేది. దాని కంటే ముందు నుంచి, 1971 నుంచి నడిచిన 62.5 మెగావాట్ల పాత స్టేషన్ ఇంకోటి ఉండేది, 2024లో దాన్ని మూసేశారు. కరెంటు పుట్టే ఊళ్లో కరెంటును లెక్కపెట్టుడేందని మా అందరి ధీమా.

పెళ్లయి హన్మకొండకు వచ్చాక చూస్తే అత్తమ్మ పూర్తిగా వేరే మనిషి. ఆమెది పరకాల పక్క పల్లె. ఇంటికంతా ఒక్కటే బుగ్గ ఉన్న రోజులు చూసిన మనిషి. ఆమె అర్రలోంచి బయటికి అడుగు పెడుతుంటే చెయ్యి దానంతటదే స్విచ్చు మీదికి పోతుంది. ఆమెకూ నాకూ ఈ విషయంలో చాలా ఏళ్లు పడలేదు. ఇప్పుడు ఆమె అలవాట్లలో సగం నావయ్యాయి. మిగతా సగం దండగ అని ఈరోజుకీ వాదిస్తాను, అంకెలతో సహా.

ఒక యూనిట్ కరెంటు పుట్టాలంటే స్టేషన్‌లో ఆరేడు వందల గ్రాముల బొగ్గు కాలాలి. నెలకు 200 యూనిట్లు కాల్చే ఇల్లు క్వింటాలుంపావు బొగ్గు కాల్చినట్టే. ఈ లెక్క బాపుకు చెప్తే "క్వింటాలు బొగ్గంటే ఎంతనో నాకు జెప్తున్నవా బిడ్డా" అని నవ్విండు.

ఇక అసలు సంగతి. మా ఇంటి మీది (పై) పోర్షన్‌లో కిరాయికి ఒక కుటుంబం ఉంటుంది. ఆయన ఆటో నడుపుతాడు, ఆమె ఇంట్లోనే బ్లౌజులు కుడుతుంది, నేను చెల్లె అంటాను. వాళ్లకు తెల్ల రేషన్ కార్డుంది, మీటర్ వేరే ఉంది, 2024లో సర్కారు గృహజ్యోతి పథకం వచ్చినప్పటి నుంచి జీరో బిల్లు వస్తుంది. జీరో బిల్లంటే 200 యూనిట్ల దాకానే. 201 అయ్యిందా, ఆ నెల బిల్లు మొత్తం కట్టాల్సిందే. దాటిన ఒక్క యూనిట్‌కే కదా అనుకుంటే కుదరదు.

మొత్తం అంటే ఎంతో తెలుసుకోవడానికి టారిఫ్ ముందు పెట్టుకుని కూర్చున్నాను. మన తెలంగాణలో ఇళ్లకు ఇప్పుడున్న రేట్లు ఇవి. నెలకు 100 యూనిట్ల లోపు కాల్చే ఇంటికి మొదటి 50కి యూనిట్‌కు 1.95, తర్వాతి 50కి 3.10. వంద దాటి రెండు వందల లోపైతే మొదటి వందకు 3.40, రెండో వందకు 4.80. రెండు వందలు దాటితే ఒకటో యూనిట్ నుంచే 5.10, ఆ పైన 300 దాకా 7.70, 400 దాకా 9 రూపాయలు. ఫిక్స్‌డ్ చార్జీ, కస్టమర్ చార్జీ, డ్యూటీ వీటికి అదనం, వాటిని పక్కన పెడదాం. సరిగ్గా 200 కాలిస్తే 820 రూపాయలు. 201 కాలిస్తే 1027 రూపాయల 70 పైసలు. అంటే ఆ ఒక్క యూనిట్ ఖరీదు 207 రూపాయల 70 పైసలు! మా మీది చెల్లెకైతే సున్నా నుంచి ఒక్కసారి వెయ్యి దాటుతుంది. ఇట్లాంటిదే చిన్న మెట్టు వంద దగ్గర కూడా ఉంది. 100కు 252.50, 101కి 344.80.

ఈ లెక్క పదో తరగతి పిల్లలకిస్తే సగం మంది "టీచర్, తప్పుంది" అన్నారు. తప్పేం లేదు, అట్లే ఉంది. ఇంకో అడుగు ముందుకేయండి. నెలకు 210 కాల్చే ఇల్లు రోజుకు అర యూనిట్ తగ్గించుకుని 195కు దిగితే మిగిలేది దాదాపు 300 రూపాయలు. 350 కాల్చే ఇల్లు అదే 15 యూనిట్లు తగ్గిస్తే మిగిలేది 135. కాబట్టి పొదుపు మొదలుపెట్టే ముందు మీ ఇల్లు ఏ మెట్టు మీదుందో చూసుకోండి. మెట్టు అంచున ఉన్నవాళ్లకు చిన్న అలవాటు కూడా పెద్ద డబ్బు. 200ను 30తో భాగిస్తే రోజుకు ఆరున్నర యూనిట్ల చిల్లర. మా మీది చెల్లె ఆదివారం ఆదివారం మీటర్ అంకె క్యాలెండర్ మీద రాసుకుంటుంది. ఆ అంకె చూడగానే వారానికి ఎన్ని పోయాయో తెలుస్తుంది. బిల్లు చేతికొచ్చాక మొత్తుకునే బదులు నెల మధ్యలోనే జాగ్రత్త పడొచ్చు.

సరే, యూనిట్లు ఎక్కడికి పోతున్నాయి? దీనికి ఏ మిషనూ కొననక్కర్లేదు, మీటర్‌లోనే ఉంది జవాబు. ఎలక్ట్రానిక్ మీటర్ మీద ఒక చిన్న ఎర్ర లైటు మెరుస్తుంటుంది. దాని పక్కన చిన్న అక్షరాల్లో ఒక యూనిట్‌కు ఎన్ని మెరుపులో రాసి ఉంటుంది. మాది 3200. కొన్నింటికి 1600 ఉంటుంది, కొన్నింటికి 6400. మాలాంటి మీటరైతే నిమిషంలో ఎన్నిసార్లు మెరిసిందో లెక్కపెట్టి 19తో గుణిస్తే, ఆ క్షణాన ఇల్లు ఎన్ని వాట్లు తాగుతుందో ఇంచుమించుగా వచ్చేస్తుంది. పాత సీలింగ్ ఫ్యాన్ ఒక్కటే నడిస్తే నిమిషానికి నాలుగు మెరుపులు. ఏసీ గట్టిగా లాగుతున్నప్పుడు ఎనభై.

ఒక ఆదివారం మధ్యాహ్నం మా చిన్నోణ్ని ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టి మీటర్ కాడ కూర్చోబెట్టాను. లోపల నేను ఫ్యాన్లు, లైట్లు, టీవీ అన్నీ బంద్ చేశాను. వంటింట్లో ఫ్రిజ్ ప్లగ్గు కూడా తీశాను. "ఆగిందా?" అంటే "ఆగలే మమ్మీ, మస్తు కొడుతుంది" అని బయటినుంచి కేక. నిమిషానికి తొమ్మిది. అన్నీ బంద్ పెట్టిన ఇంట్లో 170 వాట్లు! ఒక్కో అర్రకు కరెంటు ఆపే స్విచ్చులు, ఎంసీబీలు, ఒక్కొక్కటే దింపి చూసి మళ్లీ ఎత్తుకుంటూ పోయాను. హాలుది దింపితే ఒక్కటి తగ్గింది. పడకటింటిది దింపితే తగ్గినట్టే లేదు. వెనక స్టోరు అర్ర ఎంసీబీ దింపగానే బయట కేక ఆగిపోయింది. కాసేపు మౌనం. "మమ్మీ, ఇప్పుడు రెండేసార్లు కొట్టింది."

స్టోరు అర్రలో ఉన్నది నా పెళ్లికి బాపు పెట్టిన 165 లీటర్ల ఫ్రిజ్. కొత్తది కొన్నాక వెనక్కి పోయింది. ఎండకాలం నీళ్ల సీసాలకని పెట్టుకున్నాం, చలికాలంలో కూడా రెండు సీసాలు, ఒక నిమ్మకాయ, ఎప్పటిదో ఐస్ ట్రే మోసుకుంటూ నడుస్తూనే ఉంది. కంప్రెసర్ వేసుకున్నప్పుడు ఏడు మెరుపులు, 130 వాట్లకు పైన. సగం రోజు నడిచినా రోజుకు యూనిట్‌న్నర, నెలకు 45 యూనిట్లు. బాపు పెట్టిందాన్ని ఇచ్చేయడానికి అప్పటిదాకా మనసొప్పలేదు. 45 అనేసరికి ఒప్పింది. ఆ మూల ఇప్పుడు మట్టి రంజన్ ఉంది, చుట్టూ తడి గోనెసంచి చుట్టి. ఏప్రిల్ నెలలో అందులో నీళ్లు గొంతు పట్టెయ్యకుండా చల్లగా ఉంటాయి. అత్తమ్మ మొదటి నుంచీ అన్న మాటే అది, ఆ సంగతి ఆమె నాకు ఇప్పటికీ గుర్తు చేస్తుంటుంది.

మిగిలిన ఆ రెండు మెరుపులు ఏమిటంటారా? సెట్‌టాప్ బాక్స్, వైఫై డబ్బా, కరెంటు పోతే ఉండాలని పెట్టుకున్న బ్యాటరీ ఇన్వర్టర్, ఏసీ స్టాండ్‌బై, ఇట్లాంటి చిల్లర గుంపు. ఇంచుమించు 40 వాట్లు. చిన్నదే అనిపిస్తుంది కానీ రోజుకు 24 గంటలు, నెలంతా. 29 యూనిట్లు అవుతుంది. అందులో సెట్‌టాప్ బాక్స్ గడుసుది. రిమోట్‌తో ఆపినా లోపల పని లోపల చేసుకుంటూనే ఉంటుంది, మీటర్‌లో పెద్ద తేడా కనబడదు. దాన్ని గోడ స్విచ్చు దగ్గరే ఆపాలి. పొద్దున వేస్తే చానళ్లు రావడానికి రెండు నిమిషాలు పడుతుందని మా ఆయన సణుగుతాడు. వైఫై రాత్రి ఆపుదామంటే ఇంటర్ చదివే మా బిడ్డ యుద్ధానికి దిగింది, ఆ ఒక్కటి ఆమెకు వదిలేశాను. ఇన్వర్టర్ జోలికి పోలేదు. ఫోన్ చార్జర్ ప్లగ్గులోనే ఉందని ఇల్లంతా తిరిగి పీకేవాళ్లున్నారు చూడండి, వాళ్లకు దండం. ఫోన్ పెట్టకుండా ఉత్త చార్జర్ తాగేది మీటర్ కంటికి కూడా ఆనదు.

ఫ్రిజ్ సంగతి వచ్చింది కాబట్టి ఇంకో మాట. తలుపు అంచున రబ్బరు వదులైందేమో చూడటానికి పది రూపాయల నోటు పెట్టి తలుపేసి లాగండి. సులువుగా జారి వస్తే చల్లదనం కూడా అటునుంచే జారిపోతున్నట్టు. గోడకు నాలుగు వేళ్ల సందు ఉండాలి, పొయ్యి పక్కన ఉండకూడదు. వేడి చారు గిన్నె చల్లారాకే లోపల పెట్టాలి. కొత్తది కొనేటప్పుడు నక్షత్రాలు లెక్కపెట్టి సంబరపడకండి, లేబుల్ మీద ఏడాదికి ఎన్ని యూనిట్లో రాసి ఉంటుంది, ఆ అంకె చూడండి. నక్షత్రాల కొలత కొన్నేళ్లకోసారి మారుస్తుంటారు, అప్పటి ఐదు ఇప్పటి ఐదు కాదు.

ఎండకాలం గురించి ఎంత రాసినా తక్కువే. మన వరంగల్ ఏప్రిల్, మే నెలలు ఎట్లుంటాయో మీకు నేను చెప్పాలా! మధ్యాహ్నం 43, 44. అసలు బాధ మధ్యాహ్నం కాదు, రాత్రి. స్లాబు పొద్దంతా ఎండ మింగి చీకటి పడ్డాక కక్కడం మొదలుపెడుతుంది. రాత్రి పదింటికి ఫ్యాన్ వేస్తే స్లాబు కింద నిలిచిన వేడినంతా మంచం మీదికి దించుతుంది. అందుకే మీది అంతస్తు వాళ్ల అవస్థ వేరు. అప్పుడు ఏసీ వేస్తే ఆ ఏసీ చేసే పని మనల్ని చల్లబరచడం కంటే స్లాబును చల్లబరచడమే ఎక్కువ.

అందుకని ఖర్చు పెట్టేదేదో స్లాబు మీద పెట్టాలి. ఫిబ్రవరి ఆఖర్లో డాబా ఊడ్చి, కడిగి, సున్నంలో కొంచెం ఫెవికాల్ కలిపి రెండు చేతులు వేయించాం. కూలీతో కలిపి ఒక ఎండకాలం బిల్లులో తేడా కంటే తక్కువే అయ్యింది. మధ్యాహ్నం రెండింటికి చెప్పుల్లేకుండా ఆ సున్నం మీద నిలబడొచ్చు, పక్కింటి డాబా మీద ఒక్క అడుగు వేయలేం. వానాకాలంలో చాలావరకు కొట్టుకుపోతుంది, మళ్లీ ఏడాది మళ్లీ వేసుకోవాలి. దాని కంటే ఎక్కువ రోజులుండే తెల్ల పెయింట్లు దొరుకుతాయి, ఖరీదెక్కువ. మన రాష్ట్రానికి దీని మీద 2023లో వచ్చిన కూల్ రూఫ్ పాలసీ కూడా ఉంది. 600 గజాలు దాటిన ఇళ్లకే తప్పనిసరి, మనలాంటి చిన్న ఇళ్లకు మన ఇష్టం. ఇష్టమే కానీ అవసరం మనకే ఎక్కువ.

రెండో పని అత్తమ్మది. పొద్దున ఎనిమిదిన్నరకల్లా పడమటి, దక్షిణపు కిటికీలు మూసి పరదాలు దించేస్తుంది. సాయంత్రం పొద్దుగూకాక బయటి గాలి చల్లబడ్డదో లేదో గడపలో నిలబడి చూసి, అప్పుడు ఇల్లంతా బార్లా తెరుస్తుంది. గాలి రావాలని పగలు కిటికీలు తెరిచేవాళ్లను చూస్తే ఆమెకు ఒళ్లు మండుతుంది. వడగాలిని పిలిచి ఇంట్లో కూర్చోబెట్టుకుంటారా అంటుంది. పడమటి కిటికీకి బయటివైపు వట్టివేళ్ల తడిక కట్టాం. లోపల ఎంత మందం పరదా వేసినా ఎండ అప్పటికే అద్దం దాటి వచ్చేసి ఉంటుంది, బయటే ఆపాలి.

కూలరా, ఏసీనా అని చాలామంది అడుగుతారు. మన దగ్గర ఏప్రిల్, మే నెలల్లో పొడి వేడి కాబట్టి కూలర్ బ్రహ్మాండంగా పనిచేస్తుంది. 150, 200 వాట్లతో పది గంటలు నడిచినా రెండు యూనిట్లే. అదే టన్నున్నర ఏసీ రాత్రి ఎనిమిది గంటలు నడిస్తే ఆరు, ఏడు యూనిట్లు పోతాయి. అయితే కూలర్ వెనక కిటికీ ఉండాలి, ఎదురుగా గాలి బయటికి పోయే దారి ఉండాలి. తలుపులన్నీ మూసి అర్ర మధ్యలో కూలర్ పెట్టేవాళ్లకు ఒళ్లంతా జిగట తప్ప ఏమీ దక్కదు. గడ్డి ఏటా మార్చాలి. జూన్‌లో ఒక వాన పడి గాలిలో తేమ చేరిందంటే కూలర్ పని అయిపోయినట్టే. మాకు ఏసీ ఉన్నది ఆ రోజులకూ, పరీక్షలకు చదివే మా బిడ్డ అర్రకూ.

ఏసీ ఎంత మీద పెట్టాలి? 2020 జనవరి నుంచి స్టార్ లేబుల్ ఏసీలన్నీ ఆన్ చేయగానే 24 మీద మొదలయ్యేలా చేశారు. డిగ్రీ పెంచితే ఆరు శాతం దాకా కరెంటు మిగులుతుందని బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ చెప్పే మాట. నాకు మాట మీద కంటే మీటర్ మీద నమ్మకమెక్కువ. అర్ర చల్లబడ్డాక 24 మీద నిమిషానికి 42 మెరుపులు వచ్చాయి, 26 మీద 36. వాళ్ల లెక్కకు అటూ ఇటూగా సరిపోయింది. 26 పెట్టి ఫ్యాన్ ఒకటి మీద వేస్తే మా బిడ్డ కూడా ఉక్కగా ఉందనలేదు. 18 పెట్టి దుప్పటి కప్పుకునేవాళ్లకు నేను చెప్పగలిగేదేం లేదు. తొందరగా చల్లబడుతుందని 18 పెట్టడం ఉత్త భ్రమ, మామూలు ఏసీ ఎంత మీద పెట్టినా చల్లబరిచే వేగం ఒకటే, ఆగే చోటే వేరు. ఫిల్టర్ రెండు వారాలకోసారి తీసి నల్లా కింద కడిగితే చాలు. మన రోడ్ల దుమ్ముకు అది నెలలోనే బూడిద రంగు కంబళి అవుతుంది.

ఫ్యాన్ల మీద ఒక నిర్ణయం చెప్తాను. పాత ఫ్యాన్ 75 వాట్లు, తక్కువ కరెంటుతో తిరిగే కొత్త రకం బీఎల్‌డీసీ ఫ్యాన్ 30 వాట్లు. రోజుకు 15 గంటలు తిరిగే ఫ్యాన్‌ను మారిస్తే నెలకు 20 యూనిట్లు మిగులుతాయి, ఎనిమిది నెలలు వాడినా రెండు, మూడేళ్లలో దాని డబ్బులు అదే తెచ్చిస్తుంది. రోజుకు గంట తిరిగే వంటింటి ఫ్యాన్ మారిస్తే మాత్రం ఆ డబ్బు మనవల కాలానికి వస్తుందేమో. మేం హాల్లో ఒకటి, అత్తమ్మ అర్రలో ఒకటి మార్చి ఊరుకున్నాం.

మోటర్ గురించి మగవాళ్లు ఎవరూ మాట్లాడరెందుకో. సంపు నుంచి డాబా మీది ట్యాంకుకు నీళ్లెక్కించే ఒక హార్స్‌పవర్ మోటర్ నడిచినంతసేపు వెయ్యి వాట్లు లాగుతుంది. రోజుకు నలభై నిమిషాలంటే నెలకు 20 యూనిట్లు. మా మోటర్ గంటా, గంటంబావు నడిచేది. ఇద్దరిళ్లకూ కలిపి ఇన్ని నీళ్లెందుకని చూస్తే మీది బాత్రూంలో ఫ్లష్ ట్యాంకు సన్నగా, చప్పుడు లేకుండా కారుతుంది. ఫ్లష్ ట్యాంకులో కొంచెం పసుపు కలిపి కాసేపు వదిలితే కమోడ్‌లో పసుపు చార కనబడింది. ప్లంబర్ మార్చిన వాషర్ ఖరీదు చెప్తే నవ్వుతారు. దానికి తోడు ట్యాంకు నిండితే మోగే అలారం ఒకటి పెట్టించాం. ట్యాంకు పొంగి వాకిట్లో నీళ్లు పడుతుంటే "మోటర్ బంద్ జెయ్యండ్రి" అని వీధిలోవాళ్లు అరిచే బాధ తప్పింది.

చలికాలం మళ్లీ గీజర్ దగ్గరికే. 15 లీటర్ల నీళ్లను 30 డిగ్రీలు వేడెక్కించడానికి అర యూనిట్ చాలు, 2000 వాట్ల గీజర్‌కు పావుగంట పని. అంతకు మించి వేసి ఉంచితే చల్లారుతున్న నీళ్లను మళ్లీ మళ్లీ కాచడమే. థర్మోస్టాట్ 70 మీదుంటే 50కి దింపించండి, సలసల కాగిన నీళ్లలో చల్లనీళ్లు కలుపుకోవడానికి అంత వేడి ఎందుకు? హీటర్ రాడ్ తక్కువ కాలుస్తుందని కొందరంటారు. బకెట్ నీళ్లకు పట్టే వేడి ఏదైనా ఒకటే, రాడ్‌తో ఒరిగేదేమంటే బకెట్ నీళ్లే కాచుకుంటాం కాబట్టి షవర్ కింద నిలబడిపోం. షాకు భయం మాత్రం దానికుంది, తడి చేత్తో ముట్టుకోకండి. అత్తమ్మ డిసెంబర్‌లో పొద్దునే స్నానం మానేసింది. డాబా మీది నల్ల ట్యాంకు ఎండకు కాగి పన్నెండింటికల్లా నల్లాలో గోరువెచ్చటి నీళ్లొస్తాయి, ఆమె స్నానం అప్పుడే.

గ్యాస్ సంగతి రెండు ముక్కల్లో. కందిపప్పు, బియ్యం ముందే నానబెట్టడం, ఉడుకు రాగానే మంట తగ్గించడం, గిన్నె మీద మూత. అందరికీ తెలిసినవే. వాషింగ్ మిషన్ నిండా బట్టలు పడ్డాకే వేయడం, చన్నీళ్లతోనే ఉతకడం. డాబా మీద సోలార్ పెట్టుకోమని, కేంద్రం 3 కిలోవాట్లకు 78,000 సబ్సిడీ ఇస్తుందని బంధువులు చెప్తున్నారు. నిజమే, ఆలోచిస్తున్నాం. ఎన్ని యూనిట్లు దండగ పోతున్నాయో తెలుసుకోకుండా పలకలు పెడితే ఆ పాత ఫ్రిజ్‌కు కూడా పలక కొన్నట్టవుతుందని ఆగాను.

ఒక్క మోసం గురించి చెప్పకుండా ఉండలేను. ప్లగ్గులో పెడితే బిల్లు సగమవుతుందని ఒక చిన్న డబ్బా అమ్ముతుంటారు. మా మరిది ఒకటి తెచ్చాడు, పచ్చ లైటు వెలుగుతుంది, చూడ్డానికి ముచ్చటగా ఉంది. అది పెట్టక ముందూ పెట్టాకా మెరుపులు లెక్కపెట్టాం, తేడా లేదు. ఉండదు కూడా. లోపల ఉండేది ఓ చిన్న కెపాసిటర్. ఇళ్లకు బిల్లు వేసేది కిలోవాట్ అవర్, అంటే యూనిట్ లెక్కన, దాన్ని ఆ కెపాసిటర్ తగ్గించలేదు.

ఈ నెల మాకు ఇబ్బంది లేదు, వానలతో ఏసీ మూలకు పడింది. ఇబ్బంది మీది చెల్లెకే. బతుకమ్మ, దసరా బ్లౌజులు గుట్ట పడ్డాయి. రీడింగ్ తీసి మూడు వారాలైంది, మొన్న ఆదివారానికి 140 అయ్యాయి. ఇంకో తొమ్మిది రోజులకు 60 మిగిలాయి. "కుట్టుమిషన్ ఆపమంటవా అక్కా?" అని అడిగింది. మిషన్ మోటర్ వంద వాట్లే, ఆరు గంటలు కుట్టినా అర యూనిట్ పైన కొంచెం. ఆమెకు దెబ్బ కొడుతున్నది ఇస్త్రీపెట్టె. ఒక్కో బ్లౌజు కాగానే వెయ్యి వాట్ల పెట్టె వేడి చేసి, నొక్కి, ఆపి, మళ్లీ గంటకు వేడి చేస్తుంది. సాయంత్రం అన్నీ ఒకేసారి చేయమన్నాను. పెట్టె ఆపాక మిగిలిన వేడి మీద చీర ఫాల్స్ చివర్లు నొక్కొచ్చు. నిన్నటి రీడింగ్‌కు రోజుకు ఆరుకు దిగింది.